గేటు బాబాయి చింతగింజల లెక్క

గేటు బాబాయి పోయారన్న కబురు నాకు ఒక మంగళవారం పొద్దున తెలిసింది. పార్కు తెరవడానికి ఇంకా గంట టైముంది. పార్కులో కొత్తగా కట్టిన వాన ఊరు గేటు ముందు నిలబడి, వచ్చే ఆదివారం లైను ఎక్కడ మొదలవ్వాలో, ఎక్కడ మలుపు తిరగాలో సున్నంతో గీతలు గీయిస్తున్నాను. ఫోన్ చేసింది ఆయన భార్య. నేను పిన్నీ అని పిలుస్తాను. "మీ బాబాయి లేడు బిడ్డా. పొద్దుగాల లేపితే లేవలే" అంది. దానికి నేనేమన్నానో చెబితే మీరు నవ్వుతారు. "అయితే ఆదివారం రారా పిన్నీ?" అన్నాను.

పిన్ని, నేనేదో సబబైన మాటే అడిగినట్టు, "రాడు బిడ్డా" అని చెప్పి ఫోన్ పెట్టేసింది. సున్నం డబ్బా పట్టుకున్నతను ఇక్కడ గీత ఇటా అటా అని అడుగుతున్నాడు. ఇటు అన్నాను. మళ్లీ అటు అన్నాను. చివరికి ఆ గీత ఎటు పోయిందో నాకు గుర్తులేదు.

అసలు ఆ మరుసటి రోజే దామరచర్ల పక్కన వాళ్ల ఊరికి వెళ్దామనుకున్నాను. ఆయన్ని రెండు మాటలు అడగాలి. ఒకటి, ఆదివారం వచ్చి గేటు దగ్గర నిలబడండి అని. రెండోది, పోయిన నెల ఒక ఆదివారం సగం ఖాళీగా ఉన్న చోటికి గేటు ఎందుకు మూశారు అని. మొదటిది ఒక వంక. రెండోదే నా మనసులో నెల రోజులుగా ముల్లులా ఉంది. ఇక అది అడగడానికి మనిషి లేడు.

పేరు తెలియకపోయినా మీలో కొందరు ఆయన్ని చూసే ఉంటారు. సూర్యాపేట దాటి కోదాడ వైపు వస్తుంటే రోడ్డు పక్కన మా పార్కు ఉంటుంది. నీలం సఫారీ చొక్కా, మెడలో ఈల, కాళ్లకు రబ్బరు చెప్పులు వేసుకుని గేటు దగ్గర ఒక పొడుగాటి మనిషి నిలబడి ఉండేవారు. ఈల ఊదడం మాత్రం ఎవరూ వినలేదు. ఊదితే మనుషులు పశువులవుతారని ఆయన అభిప్రాయం.

మిర్యాలగూడలో ఒక రైసు మిల్లు గేటు దగ్గర ఆయన ముప్పై ఏళ్లకు పైగా పనిచేశారు. కోతల కాలంలో మిల్లుల ముందు వడ్ల ట్రాక్టర్లు ఎలా బారులు తీరతాయో ఆ వైపు వాళ్లకు చెప్పక్కర్లేదు. పచ్చి వడ్లు. ఒక్క రోజు ఆలస్యమైతే ట్రాలీలోనే వేడెక్కి రంగు మారతాయి. ఆ భయంతో నిద్ర లేక, తిండి లేక, పక్కవాడు ఒక అడుగు ముందుకొస్తే కలబడడానికి సిద్ధంగా ఉండే రైతులను ఆయన ముప్పై ఏళ్లు లైన్లో నిలబెట్టారు. మా యజమాని ఆ గొడవలన్నీ చూసిన మనిషే. పార్కులో కొత్తగా వాన ఊరు కడుతున్నప్పుడు ఆయన్ని పిలిపించారు.

వాన ఊరు అంటే పైనుంచి వాన పడుతూనే ఉండే చోటు. పెంకుటిళ్లలాంటి గుడిసెలు, వాటి మీద నుంచి జారుడుబల్లలు, మధ్యలో ఎత్తైన స్తంభం మీద పెద్ద బిందె. బిందె నిండగానే ఒక్కసారి ఒరిగి, కింద నిలబడ్డ వాళ్ల మీద గుమ్మరిస్తుంది. మొదటి రోజు యజమాని బాబాయికి అదంతా తిప్పి చూపిస్తుంటే ఆయన దేన్నీ మెచ్చుకోలేదు. బయటికి పోయే తోవ ఏదని అడిగారు. చూపించాం. అది సన్నగా ఉందన్నారు. రెండోది ఏదని అడిగారు. రెండోది లేదు. రెండోది పెట్టాకే ఆయన ఉద్యోగంలో చేరారు.

నాది ఆంధ్రా సరిహద్దున ఉన్న కోదాడ. పన్నెండేళ్లు ప్రైవేటు స్కూల్లో లెక్కలు చెప్పాను. గొంతు పాడయ్యాక పార్కులో చేరి, టిక్కెట్ల దగ్గర నుంచి ఇప్పుడు మొత్తం అజమాయిషీ దాకా వచ్చాను. కోపం ముక్కు మీదే ఉంటుంది, దాచుకోవడం రాదు. నేను బాబాయ్ అని పిలిస్తే ఆయనకు నవ్వొచ్చేది. వాళ్ల వైపు చిన్నాయన అంటారు. "మీ కోదాడోళ్ల మాట సగం గీడ, సగం ఆడ" అని వెక్కిరించేవారు. మీ మిర్యాలగూడ వాళ్లు మాట్లాడితే బియ్యం రేటు తప్ప ఇంకేం వినిపించదని నేను అనేదాన్ని. అలా కుదిరింది మాకు.

వాన ఊరును ఒకే ఆదివారం అందరికీ తెరిచేయాలని యజమాని పట్టుదల. సూర్యాపేట నుంచి మిర్యాలగూడ దాకా ఫ్లెక్సీలు కూడా రాయించారు. బాబాయి ఒప్పుకోలేదు. నాలుగు విడతల్లో తెరవాలన్నారు. మొదట కట్టిన కూలీలకు, తర్వాత బడి పిల్లలకు, ఆ తర్వాత ముందుగా టిక్కెట్టు కొన్నవాళ్లలో సగం మందికి, చివరన బిందెతో సహా అందరికీ. కూలీలకు ముందెందుకని యజమాని విసుక్కున్నారు. "కట్టినోళ్లకు ఎర్కుంటది సారూ ఏడ జారుతదో. టిక్కెట్టు కొని వచ్చినోడు పడ్డంక మనం తెలుసుకునుడు దేనికి?" అన్నారు బాబాయి.

ఆ మొదటి విడత రోజు ఇంకా కళ్లముందే ఉంది. తుంగతుర్తి వైపు నుంచి వచ్చిన కూలీలు పిల్లాపాపలతో, ఉన్నవాటిలో మంచి బట్టలు కట్టుకుని వచ్చారు. అన్ని నెలలు అక్కడే పనిచేసినవాళ్లు గేటు దగ్గరికి వచ్చి ఆగిపోయారు, లోపలికి రావాలంటే ఏదో చీటీ ఉండాలేమోనని. చీటీ లేదు, లైను కూడా లేదు రమ్మని బాబాయే ఎదురెళ్లి తీసుకొచ్చారు. బండలు పరిచిన ఒకావిడ నీళ్లలో దిగకుండా గట్టున కూర్చుని, చేత్తో నేల తడుముతూ పోయి, ఒక మూల దగ్గర ఆగి తల అడ్డంగా ఊపింది. అక్కడ నీళ్లు పోక నిలబడుతున్నాయి. మర్నాడే ఆ మూల పగలగొట్టి వాటం సరిచేయించాం. అదే చోట తర్వాతి వారం బడి పిల్లలు వందమంది గెంతారు. ఒక్కరూ జారలేదు.

లోపల ఎంతమంది ఉన్నారో లెక్కపెట్టే గేటు యంత్రం అప్పటికింకా రాలేదు. బాబాయికి దాని అవసరమూ లేదు. చొక్కా కింది జేబుల్లో ఆయనకు అరవై చింతగింజలుండేవి. పొద్దున అన్నీ ఎడమ జేబులోనే. పది మంది లోపలికి పోతే ఒక గింజ కుడి జేబులోకి మారేది. పది మంది బయటికి వస్తే అది మళ్లీ ఎడమ జేబులోకి. ఎడమ జేబు ఖాళీ అయితే గేటు మూత. మిల్లులో ట్రాక్టర్లకూ ఇదే లెక్కట. నొక్కితే అంకె మారే చిన్న మిషన్ కొనిస్తానని నేను వెంటపడ్డాను. "మిషిన్ పట్టుకుంటే కండ్లు దాని మీదనే ఉంటయి బిడ్డా. గింజల సంగతి చెయ్యి సూసుకుంటది, కండ్లు జనాన్ని సూస్తయి" అన్నారు. లెక్కల టీచరునైన నాకు ఆ జవాబు అస్సలు నచ్చలేదు. ఇప్పుడు నచ్చుతోంది.

ఇంకో అలవాటు. గేటుకూ బయటికి వచ్చే తోవకూ మధ్య ఆయన రోజంతా తిరుగుతూనే ఉండేవారు, కానీ బాట మీద నడిచేవారు కాదు. బాట జనానిదట. బాట పక్కన పూలమొక్కల కోసమని మెత్తటి ఎర్రమట్టి పోయించాం. మొక్కలు నెలలు గడిచినా రాలేదు. ఆ మట్టిలోనే ఆయన రబ్బరు చెప్పుల అడుగులు అటూ ఇటూ పడి ఉండేవి. అలా నడిచి లైను చివరికి వెళ్లి, ఆఖర్న ఉన్న మనిషితో ఏదో ఒకటి మాట్లాడి వచ్చేవారు. ఎక్కడి నుంచి వచ్చారు, ఏం తిన్నారు అని. ముందున్న వాళ్లు కదా తోసుకునేది, వెనక వాళ్లతో ఏం పని అని అడిగాను.

"ముందట నిలబడ్డోనికి గేటు కనబడ్తది, వాని ధైర్యం వానికుంటది. ఆఖర్కున్నోనికి ఏం కనబడ్తది? వానికి నువ్వు కనబడాలె."

ఇక మూడో విడత సంగతి. చెప్పాలంటే సిగ్గుగా ఉంది, అయినా చెప్పకపోతే ఈ రాతకు అర్థం లేదు.

తొలకరి పడ్డ తర్వాతి ఆదివారం అది. ముందుగా టిక్కెట్టు కొన్నవాళ్లు పొద్దున్నుంచే వస్తున్నారు. ఇంకా మధ్యాహ్నం కాలేదు, ఎండ చుర్రుమంటోంది. ఉన్నట్టుండి లైను కదలడం మానేసింది. ఆ లైన్లో కోదాడ నుంచి వచ్చిన మా వదిన ఉంది. నాకు ఫోన్ చేసి, మీ పార్కులో మనుషుల్ని ఎండబెడతారా అంది. నేను పరుగున గేటు దగ్గరికి వచ్చాను. గేటు మూసి ఉంది. లోపల చూస్తే సగం ఖాళీ. బాబాయి గేటుకు అడ్డంగా, రెండు చేతులూ రెండు జేబుల్లో పెట్టుకుని నిలబడి ఉన్నారు.

ఎందుకు మూశారని అడిగాను. లోపల ఖాళీగానే ఉంది కదా బాబాయ్ అన్నాను. నా వైపు కాకుండా నేల వైపు చూస్తున్నారు. ఆ జేబుల్లో చేతులు చూస్తే నాకు ఒళ్లు మండిపోయింది. నేను పెద్దమనిషిని, నాకు నచ్చినప్పుడు తెరుస్తా అన్నట్టు కనిపించారు. లైన్లో జనం అరుస్తున్నారు, మా వదిన చూస్తోంది.

"ఇదేం వడ్ల మిల్లు కాదు బాబాయ్. మీకు లెక్క తెలియకపోతే నాకు వదిలేయండి" అన్నాను. అందరూ వినేలా అన్నాను.

ఆయన జేబుల్లోంచి చేతులు తీశారు. మెడలో ఈల తీసి నా చేతిలో పెట్టారు. "సరే బిడ్డా, నువ్వే సూసుకో" అని, బాట పక్క మట్టిలోనే నడుచుకుంటూ, ఎప్పటిలాగే లైను చివర ఉన్న మనిషితో ఏదో చెప్పి, రోడ్డెక్కి వెళ్లిపోయారు. నేను గేటు తెరిచాను.

ఆ రోజు ఏమీ జరగలేదు. ఎవరికీ దెబ్బ తగల్లేదు, ఏ పిల్లా తప్పిపోలేదు. అదే నన్ను ఆగం చేసింది. ఏదైనా జరిగి ఉంటే ఆయన చెప్పిందే నిజమని కాళ్ల మీద పడేదాన్ని. ఏమీ జరగలేదు కాబట్టి నేనే గెలిచినట్టు. గెలిచిన మనిషికి ఉండాల్సిన సంతోషం మాత్రం ఎక్కడా లేదు. నాకు కనపడనిది ఆయనకేదో కనపడిందా? లేకపోతే వయసు మీద పడి పొరబడ్డారా? రోజుకొకటి అనుకునేదాన్ని. రెండుసార్లు ఫోన్ చేస్తే ఒంట్లో బాగాలేదని చెప్పి పెట్టేశారు. వెళ్లి చూద్దాం చూద్దాం అనుకుంటూనే నెల గడిచింది. బిందె మోటారు రాక నాలుగో విడత ఆగిపోతూ వచ్చింది. మోటారు వచ్చిన వారమే ఆయన పోయారు.

ఆయన పదో రోజు దాటాకే తెరుద్దామని యజమానిని అడిగాను. ఏ కళనున్నారో, ఒప్పుకున్నారు.

పదో రోజు వాళ్లింటికి వెళ్లాను. దూరంగా కరెంటు ప్లాంటు పొగగొట్టాలు కనిపించే ఊరు. భోజనాల దగ్గర నన్ను పక్కకు తీసుకెళ్లి పిన్ని ఒక కవరు ఇచ్చింది. అందులో ఉతికి మడతపెట్టిన నీలం చొక్కా. పార్కు వాళ్లది కదా, వాళ్లకే తిరిగి ఇవ్వమని ఆయన చెప్పి ఉంచారట. "కుడి జేబు అడుగు చినిగింది బిడ్డా, ఉతకబోతుంటే సూసి కుట్టిన. నీలం దారం దొరకలే, నల్లదే ఏసిన" అంది. నేను చొక్కా వైపు సరిగా చూడను కూడా లేదు. నా గొడవ నాది. ఆయనకు నా మీద కోపమా పిన్నీ అని అడిగేశాను.

పిన్ని ఆశ్చర్యంగా చూసింది. నా మీద కోపం మాట ఆయన ఎన్నడూ ఎత్తలేదట. ఆ ఆదివారం ఇంటికొచ్చి మంచం మీద కూర్చుని, రెండు జేబులూ తడుముకుని, గింజలు లేవు, ఎన్ని మార్చానో యాదికి రావడం లేదు అన్నారట. బయటికి వచ్చినవాళ్ల లెక్కకు వెనక్కి మార్చబోతే కుడి జేబులో ఉండాల్సిన గింజలు లేకపోయేసరికి లెక్క తప్పిందని గేటు మూసేశారట.

"మిల్లుల గూడ గంతే ఉండె. లెక్క తప్పితే గేటు బంద్. తప్పిన లెక్క మీద ఇంకో బండిని ఎక్కియ్యద్దంటడు. గని మిల్లుల ఒక్కనాడు సుత తప్పలే బిడ్డా. తల ఖరాబైంది, ఇగ నేను జనం నడుమ నిలబడొద్దు అన్నడు. గప్పటి సంది గడప దాటలే."

దవాఖానలో గుండె అన్నారట. గుండెకూ ఆ లెక్కకూ సంబంధం లేదని నాకు తెలుసు. కానీ చివరి నెలంతా ఒక మనిషి తన తల మీద నమ్మకం పోయి గోడకు ఆనుకుని కూర్చున్నాడు. బస్సులో వస్తూ నాకు అర్థమైంది ఇంతే: బాబాయికి మతిమరుపు వచ్చింది, అది ఆయనే కనిపెట్టి భయపడి నిలబడి ఉంటే, నేను నలుగురిలో లెక్క తెలియదన్నాను. జేబుల్లో ఆ చేతులు పెత్తనం కాదు, వెతుకులాట. ఏడుపొచ్చింది. పక్క సీటావిడ నీళ్ల సీసా ఇచ్చింది.

చొక్కా కవరు గేటు గదిలో కొక్కేనికి తగిలించాను. వారం పాటు అటు చూడలేదు.

నాలుగో విడత ముందు రోజు, శనివారం పొద్దున, నెలల తర్వాత పూలమొక్కలు వచ్చాయి. తోటపని చేసే అమ్మ బాట పక్క ఎర్రమట్టిలో వానలకు లేచిన గడ్డీ గాదం పీకుతోంది. నేను పక్క నుంచి పోతుంటే, "చింతమొలకలేందమ్మా గిన్నున్నయి ఈడ? చెట్టన్న లేదు దగ్గర్ల" అంది. అప్పటికే మూడు పీకి పక్కన పడేసింది.

నేను ఆగాను. వంగి చూశాను. బెత్తెడు ఎత్తు మొలకలు. అడుగుకొకటి, రెండడుగులకొకటి. గేటు దగ్గర మొదలై, బయటికి వచ్చే తోవ దాకా, అక్కడి నుంచి లైను నిలబడే చోటు చివరి దాకా. బాట మీద ఒక్కటీ లేదు. అన్నీ మెత్తటి మట్టిలోనే, ఆయన అడుగులు పడే చోటే. అక్కడ గింజ రాలితే చప్పుడు కూడా కాదు.

గేటు గదిలోకి పరుగెత్తి కవరు లాగి చొక్కా విప్పాను. కుడి జేబు అడుగున బొటనవేలంత మేర నల్ల దారం.

నాకు నవ్వొచ్చింది, ఏడుపొచ్చింది, ఎవరి మీదో తెలియని కోపం వచ్చింది. బాబాయి తల ఖరాబు కాలేదు. జేబు చిరిగింది. అంతే. ఆ రోజు నేను అరవకుండా, ఏమైంది బాబాయ్ అని ఒక్క మాట మెల్లగా అడిగి ఉంటే జేబు తిప్పి చూసేవాళ్లం. పన్నెండేళ్లు పిల్లలకు లెక్కలు చెప్పినదాన్ని, పిన్ని చెప్పిన చిరిగిన జేబునూ పోయిన గింజలనూ పక్కపక్కన పెట్టుకోలేకపోయాను.

వెంటనే పిన్నికి ఫోన్ చేశాను. రింగవుతుండగా భయం పట్టుకుంది. జేబు సంగతి చెబితే, కుట్టిన రోజే ఆయనతో ఒక్క మాట అని ఉంటే సరిపోయేది కదా అని ఆమె అనుకోదూ? చొక్కా చిరిగితే కుట్టారు, ఏ ఇంట్లోనైనా అది మొగుడికి చెప్పేంత విషయమా? నా తప్పు ఆమె నెత్తిన పెట్టినట్టవుతుంది. ఆమె ఫోన్ ఎత్తేసరికి సగమే చెప్పాను. బాబాయి లెక్క తప్పలేదు పిన్నీ, ఆయన తల బాగానే ఉంది, నాకు ఇప్పుడే తెలిసింది అన్నాను.

"మరి ఆయనకెవరు జెప్తరు బిడ్డా?" అంది పిన్ని.

మిగతా సగం ఆమెకు చెప్పాలో లేదో ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను. పిన్నికి చదువు రాదు, కానీ ఇది అచ్చయితే ఎవరో ఒకరు చదివి వినిపిస్తారు. ఎదురుగా చెప్పే ధైర్యం లేకే ఇలా రాస్తున్నానేమో, అదీ తెలియడం లేదు. పిన్నీ, వింటుంటే ఒకటి చెబుతాను. తప్పు జేబుది కాదు, నీది అసలే కాదు.

తోటపని చేసే అమ్మ పీకిన మూడింటినీ మళ్లీ పాతింది. రెండు నిలబడ్డాయి. మొత్తం ముప్పై నాలుగు. పూలమొక్కలు ఇంకో చోట పెట్టించాను. ఇంత దగ్గరగా చింతచెట్లేంటని యజమాని అడిగారు. తర్వాత చెబుతానన్నాను.

ఆదివారం నాలుగో విడత తెరిచాం. గేటు యంత్రం కూడా వచ్చింది, దాని లెక్క అది చేసుకుంటోంది. నేను ఆ నీలం చొక్కా మా యూనిఫాం మీద తొడుక్కుని, ఎడమ జేబులో అరవై గింజలు వేసుకుని నిలబడ్డాను. చొక్కా వదులు, పొట్టి చేతులు మోచేతుల దాకా వచ్చాయి. మోటారు కోసం ఇన్నాళ్లూ ఆగిన బిందె పన్నెండింటికి మొదటిసారి ఒరిగింది. లోపల నుంచి ఒక్కసారిగా కేకలు వినిపించాయి. బాబాయి ఉంటే అటు తిరిగి చూసేవారు కాదు. నేనూ చూడలేదు. మొలకలు తొక్కకుండా మట్టిలో నడుచుకుంటూ లైను చివరికి వెళ్లాను. ఆఖర్న పెద్దవూర నుంచి వచ్చిన ఒక ముసలాయన ఉన్నాడు. ఏం తిన్నారని అడిగాను. ఆయన చెబుతూనే ఉన్నాడు, నా చెయ్యి మాటిమాటికీ కుడి జేబు అడుగుకు పోయి ఆ కుట్టును తడుముతోంది. నల్ల దారం గట్టిగానే ఉంది.